ఆప్షన్స్ మొదటి పుస్తకం: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మార్కెట్ ప్రశ్నలు – పాఠకుల శీర్షిక

ఈసారి రాయలసీమ నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆప్షన్స్ పుస్తకాల గురించే ఉన్నాయి. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం. ఆప్షన్ అంటే ఒక షేరునో సూచీనో ముందే అనుకున్న ధరకు (స్ట్రైక్), ఫలానా గడువుకు (ఎక్స్‌పైరీ) కొనే లేదా అమ్మే హక్కు. కొనే హక్కు కాల్, అమ్మే హక్కు పుట్. ఆ హక్కుకు ఇచ్చే ధర ప్రీమియం.

ప్రశ్న: బీకాం చదివాను. రెండేళ్లుగా షేర్లు కొంటున్నాను. ఆప్షన్స్ నేర్చుకుందామని పుస్తకాల షాపుకు వెళితే దాదాపు ఒకే రకం అట్టలతో ఓ ఇరవై పుస్తకాలు ముందేశారు. వాటిలో మంచిదేదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

షాపుకు మళ్లీ వెళ్లేముందు ఉచితంగా దొరికేది ఒకటి చదవండి. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2006లో స్థాపించిన ఎన్‌ఐఎస్‌ఎం అనే సంస్థ సెక్యూరిటీస్ మార్కెట్ పరీక్షలు నడుపుతుంది. అందులో ఎనిమిదో సిరీస్ ఈక్విటీ డెరివేటివ్స్ (షేర్లు, సూచీల మీది ఫ్యూచర్స్, ఆప్షన్స్) పరీక్ష. బ్రోకర్ల దగ్గర పనిచేసేవాళ్ల కోసం పెట్టిన ఈ పరీక్షకు ఒక వర్క్‌బుక్ ఉంది. దాని పీడీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. పరీక్ష రాయక్కర్లేదు. చదవడానికి చప్పగా ఉంటుంది, ఆ సంగతి ముందే చెబుతున్నాం. కానీ కాంట్రాక్ట్ అంటే ఏమిటి, మార్జిన్ (హామీగా కట్టే డబ్బు) ఎలా లెక్కిస్తారు, సెటిల్‌మెంట్ ఎలా జరుగుతుంది అనే మూడు విషయాల్లో అంత నిక్కచ్చిగా ఉండే పుస్తకం బజార్లో అరుదు. నియమ నిబంధనల అధ్యాయాలు ఇప్పుడు వదిలేసినా ఫర్వాలేదు. ఫ్యూచర్స్ (ముందే అనుకున్న ధరకు తప్పక కొనే, అమ్మే ఒప్పందాలు), ఆప్షన్స్, క్లియరింగ్, సెటిల్‌మెంట్ అధ్యాయాలు మాత్రం పెన్ను పట్టుకుని చదవండి.

ఇక డబ్బిచ్చి కొనే పుస్తకం వర్క్‌బుక్ చెప్పనిది చెప్పాలి. అంటే ఆప్షన్ ధర రోజురోజుకూ ఎందుకు అలా కదులుతుందో చెప్పాలి. షాపులో నిలబడే నాలుగు చోట్ల తెరిచి చూడండి.

ముందు కాల్ కొనడం గురించిన ఉదాహరణ చూడండి. లెక్క చివరిదాకా వేశాడా, లేక 'మార్కెట్ పెరిగితే లాభం' అని వదిలేశాడా? సరైన ఉదాహరణ ఇలా ఉంటుంది. నిఫ్టీ సూచీ 25,000 దగ్గర ఉంది. 25,100 స్ట్రైక్ కాల్ 120 రూపాయలకు కొన్నారు. లాట్ (ఒక కాంట్రాక్టులోని యూనిట్లు) 65 అయితే చెల్లించింది 7,800. ఎక్స్‌పైరీ నాటికి నిఫ్టీ 25,150కి చేరింది. అంటే మీరు అనుకున్నట్టే 150 పాయింట్లు పెరిగింది. అయినా ఆ కాల్ విలువ 50 రూపాయలే. చేతికొచ్చేది 3,250, నష్టం 4,550. లాభనష్టాలు లేని స్థానం 25,220. మార్కెట్ దిశ సరిగ్గా ఊహించి కూడా డబ్బు పోగొట్టుకునే ఈ లెక్క పుస్తకం మొదటి పావు భాగంలోనే రావాలి. రాకపోతే ఆ పుస్తకం రాసినవాడు ఆప్షన్‌ని షేరులా చూస్తున్నాడని అర్థం.

రెండోది, అమ్మేవాడి వైపు. ఆప్షన్ అమ్మి వారం వారం ఆదాయం పొందడం ఎలా అని ఊరించే పుస్తకాలు ఇప్పుడు ఎక్కువ. 25,000 నిఫ్టీ మీద 24,000 పుట్‌ని 40 రూపాయలకు అమ్మితే లాట్‌కు 2,600 వస్తాయి. నిఫ్టీ 23,500 దగ్గర ఎక్స్‌పైరీ అయితే పోయేది 29,900. ఈ రెండో అంకె పుస్తకంలో ఉందా? 2024 జూన్ 4న, లోక్‌సభ ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ ఒక్కరోజులో 1,379 పాయింట్లు పడి 21,884.50 దగ్గర ముగిసింది. అలాంటి రోజున అమ్మినవాడి మార్జిన్ ఏమవుతుంది, బ్రోకర్ పొజిషన్‌ని ఎప్పుడు తనంతట తానే కోసేస్తాడు అన్నది చెప్పని పుస్తకం సగం పుస్తకమే.

మూడోది వోలటాలిటీ, అంటే ధర ఎంత ఊగుతుందన్నది. కొత్తవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే. కంపెనీ త్రైమాసిక ఫలితాల ముందు రోజు షేరు 1,500 దగ్గర ఉంది, ఎక్స్‌పైరీకి ఏడు రోజులుంది, ఇంప్లైడ్ వోలటాలిటీ (ఆప్షన్ ధరలో దాగిన ఊగిసలాట అంచనా) 45 శాతం అనుకోండి. 1,500 స్ట్రైక్ కాల్ సుమారు 37 రూపాయలు ఉంటుంది. ఫలితాలు బాగున్నాయి, మరునాడు షేరు 1,520కి చేరింది. కానీ ఉత్కంఠ తీరిపోవడంతో వోలటాలిటీ 25 శాతానికి దిగింది. ఇప్పుడు అదే కాల్ ధర దాదాపు 31. షేరు 20 రూపాయలు పెరిగితే కాల్ 6 రూపాయలు తగ్గింది. 'ఆపరేటర్లు తొక్కేశారు' అని చాలామంది తిట్టుకునేది ఈ లెక్క తెలియకే. పుస్తకంలో ఇంప్లైడ్ వోలటాలిటీకి కనీసం ఒక పూర్తి అధ్యాయం, అందులో ఇలాంటి అంకెలతో ఒక ఉదాహరణ ఉండాలి. వెనకాల గ్రీక్స్ (ఆప్షన్ ధర దేనికి ఎంత కదులుతుందో చెప్పే కొలతలు) పట్టిక వేసి నిర్వచనాలతో సరిపెడితే కొనకండి.

నాలుగోది, ఎక్స్‌పైరీ రోజు షేర్ల ఆప్షన్లు ఎలా తీరతాయన్నది. నిఫ్టీ లాంటి ఇండెక్స్‌కి తేడా డబ్బు రూపంలో ఖాతాలో పడుతుంది, లేదా కట్ అవుతుంది. విడి షేర్ల ఆప్షన్లలో మాత్రం షేర్లే చేతులు మారాలి. లాట్ 500 ఉన్న షేరు మీద 980 స్ట్రైక్ కాల్ కొని, షేరు 1,000 దగ్గర ఉండగా ఎక్స్‌పైరీ దాటనిస్తే, 500 షేర్లు 980 చొప్పున తీసుకోవాలి. అంటే 4,90,000 రూపాయలు సిద్ధంగా ఉండాలి. ప్రీమియం పదివేలే కట్టాను, పోతే అదే పోతుంది అనుకున్నవాడికి ఆఖరి నాలుగు రోజుల్లో డెలివరీ మార్జిన్ అంచెలంచెలుగా పెరుగుతూ బ్రోకర్ నుంచి మెసేజ్‌లు వస్తాయి. డబ్బు లేకపోతే బ్రోకరే పొజిషన్ మూసేస్తాడు, అప్పటికి దొరికిన ధరకు. విషయసూచికలో 'ఫిజికల్ సెటిల్‌మెంట్' అన్న మాట కనబడకపోతే పుస్తకం పాతదైనా అయి ఉండాలి, అజాగ్రత్తగా రాసిందైనా అయి ఉండాలి.

అట్ట మీద రూపాయల కట్టలు, పరుగెత్తే ఎద్దు బొమ్మలు చూసి పుస్తకాన్ని కొట్టిపారేయకండి. అవి ప్రచురణకర్త వేయిస్తాడు. కానీ లోపల 'నెలకు ఇంత శాతం గ్యారంటీ' అన్న వాక్యం ఒక్కటి కనబడినా అక్కడే పెట్టేసి రండి.

ప్రశ్న: అనంతపురంలో పాత పుస్తకాల దగ్గర ఒక ఆప్షన్స్ పుస్తకం వంద రూపాయలకు ఇస్తామంటున్నారు. ప్రచురణ సంవత్సరం ఉన్న పేజీ చిరిగిపోయింది. పనికొస్తుందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

చిరిగిన పేజీ లేకపోయినా పుస్తకం వయసు లోపలి అంకెలే చెప్పేస్తాయి. షేర్ల ఆప్షన్ల పేర్ల చివర సీఏ, పీఏ అని ఉంటే అది 2010 లోపు రాసింది. మన దగ్గర షేర్ల ఆప్షన్లు 2001 జులైలో మొదలైనప్పుడు అమెరికన్ పద్ధతివి, అంటే కొన్నవాడు ఎక్స్‌పైరీ లోపు ఏ రోజైనా హక్కు వాడుకోవచ్చు. 2011 జనవరి కాంట్రాక్టుల నుంచి యూరోపియన్ పద్ధతికి మార్చారు. ఆఖరి రోజే హక్కు, పేరు చివర సీఈ, పీఈ.

'ఎస్‌టీటీ ఉచ్చు' (ఎస్‌టీటీ అంటే షేర్ల లావాదేవీల పన్ను) గురించి పెద్దగా హెచ్చరిస్తుంటే అది 2019 సెప్టెంబరుకు ముందుది. అప్పట్లో లాభంలో ఉన్న ఆప్షన్‌ని ఎక్స్‌పైరీ దాకా ఉంచితే మొత్తం కాంట్రాక్ట్ విలువ మీద పన్ను పడి, వచ్చిన లాభం కంటే పన్నే ఎక్కువైన సందర్భాలుండేవి. ఆ తర్వాత ఇంట్రిన్సిక్ విలువ (స్ట్రైక్‌కీ మార్కెట్ ధరకీ ఉన్న తేడా) మీద మాత్రమే వేస్తున్నారు. షేర్ల ఆప్షన్లు కూడా డబ్బుతోనే తీరతాయని రాసి ఉంటే, అది 2018–19కి ముందుది. ఆ మార్పు 2018 జులైలో కొన్ని షేర్లతో మొదలై 2019 అక్టోబరుకు అన్నింటికీ వచ్చింది. బ్యాంక్ నిఫ్టీ వారపు ఆప్షన్లు 2016 మేలో పుట్టి 2024 నవంబరులో ఆగిపోయాయి. కాబట్టి పుస్తకమంతా 'గురువారం బ్యాంక్ నిఫ్టీ' వ్యూహాలే ఉంటే ఆ సగం ఇప్పుడు చరిత్ర పాఠం. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ)లో ఎక్స్‌పైరీ రోజే గురువారం నుంచి మంగళవారానికి మారింది, 2025 సెప్టెంబరు 1 నుంచి.

లాట్ సైజు ఒక్కటే చూసి తేల్చేయకండి. నిఫ్టీ లాట్ 2014లో 25, 2015లో 75, 2021లో 50, 2024 ఏప్రిల్‌లో మళ్లీ 25, ఆ ఏడాది నవంబరు నుంచి మళ్లీ 75, 2026 జనవరి కాంట్రాక్టుల నుంచి 65. ఒకే అంకె రెండేసి సార్లు వచ్చింది కదా. అందుకే లాట్‌తో పాటు పైన చెప్పిన గుర్తుల్లో ఇంకొకటి కలిపి చూడాలి.

ఇంత చెప్పినా, కొనవద్దు అనడం లేదు. లాభనష్టాల బొమ్మలు, కాలం గడిచేకొద్దీ ప్రీమియం కరిగే తీరు, కాల్‌కీ పుట్‌కీ మధ్య ఉండే లెక్క, ఇవి 2001లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. పుట్–కాల్ పారిటీ ఆ పుస్తకంలో ఉందో లేదో చూడండి. యూరోపియన్ ఆప్షన్లలో ఒకే స్ట్రైక్ కాల్ ధరలోంచి పుట్ ధర తీసేస్తే, ఇండెక్స్ విలువలోంచి స్ట్రైక్ యొక్క నేటి విలువ తీసేసినంత రావాలి. నిఫ్టీ 25,000, స్ట్రైక్ 25,000, గడువు 30 రోజులు, వడ్డీ ఆరున్నర శాతం అయితే ఆ తేడా దాదాపు 133. కాల్ 400 ఉంటే పుట్ 267 దరిదాపుల్లో ఉండాలి, డివిడెండ్లు ఉంటే తేడా కొంత తగ్గుతుంది. ఈ లెక్క సరిగ్గా వివరించిన పాత పుస్తకం వంద రూపాయలకు చవకే. రూల్స్ పేజీల మీద పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి, వాటి స్థానంలో ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కాంట్రాక్ట్ వివరాలు చూసి రాసుకోండి.

ప్రశ్న: ఇంగ్లీషు పుస్తకం చదవగలను కానీ నెమ్మదిగా. తెలుగు పుస్తకంతో మొదలుపెడితే నష్టమా? లెక్కలంటే కూడా భయం.
– గృహిణి, కడప

తెలుగుతో మొదలుపెట్టండి. నష్టమేమీ లేదు, ఒక షరతు మీద. రేపు మీ ఫోన్‌లో కనబడే తెర మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. కాబట్టి పుస్తకం ప్రీమియం, స్ట్రైక్, ఓపెన్ ఇంటరెస్ట్, స్క్వేర్ ఆఫ్ లాంటి మాటల్ని ఉన్నవి ఉన్నట్టు తెలుగు లిపిలో వాడాలి. ప్రతిదానికీ సంస్కృత పదం పుట్టించిన పుస్తకం చదివితే యాప్ తెరిచినప్పుడు రెండోసారి నేర్చుకోవాల్సి వస్తుంది.

తెలుగు పుస్తకాల్లో ఆప్షన్‌ని వివరించడానికి ఎక్కువగా వాడే పోలిక స్థలానికి అడ్వాన్సు ఇవ్వడం. పది లక్షల ప్లాటుకు యాభై వేలు బయానా ఇచ్చి మూడు నెలల గడువు పెట్టుకుంటే, ధర పెరిగితే కొంటాం, తగ్గితే బయానా వదిలేస్తాం అని. మొదటి పేజీ వరకు బాగానే ఉంటుంది. కానీ స్థలం రిజిస్టర్ అయ్యేటప్పుడు ఆ యాభై వేలు ధరలో కలిసిపోతాయి, మిగతా తొమ్మిదిన్నర లక్షలే కడతాం. ఆప్షన్‌లో ప్రీమియం కలవదు, అది పోయిన డబ్బే. పైగా బయానా కాగితాన్ని మధ్యలో మరొకరికి అమ్ముకోవడం కష్టం, ఆప్షన్‌ని మార్కెట్ తెరిచిన ఏ నిమిషమైనా అమ్మొచ్చు. ఈ రెండు తేడాలు రాసిన రచయితను నమ్మొచ్చు. పోలిక చెప్పి ముందుకు వెళ్లిపోయినవాడికి అవి తట్టలేదన్నమాట.

లెక్కల విషయానికొస్తే, మొదటి పుస్తకానికి కూడిక, తీసివేత, గుణకారం, శాతాలు, ఒక వర్గమూలం చాలు. 1973లో వచ్చిన బ్లాక్–షోల్స్ సూత్రాన్ని సాధించనక్కర్లేదు. దానిలోకి వెళ్లేవి ఐదు అంకెలు: షేరు ధర, స్ట్రైక్, మిగిలిన కాలం, వడ్డీ, వోలటాలిటీ. మొదటి నాలుగు కళ్లకు కనబడేవి. ఐదోదాన్ని మార్కెట్ ధరలోంచి వెనక్కి లెక్కకట్టి తీస్తారు, దాన్నే ఇంప్లైడ్ వోలటాలిటీ అంటారు. వర్గమూలం ఎక్కడ కావాలంటే, ఏడాదికి చెప్పిన వోలటాలిటీని రోజుకు మార్చడానికి. ఏడాదిలో ట్రేడింగ్ రోజులు సుమారు 252, దాని వర్గమూలం దాదాపు 16. ఇండియా విక్స్ (నిఫ్టీ ఆప్షన్ల ధరల్లోంచి తీసే వోలటాలిటీ సూచీ) 16 ఉంటే మార్కెట్ రోజుకు ఇటో అటో ఒక శాతం కదలిక ఊహిస్తోందని అర్థం. చిటికెలో చేసుకునే ఈ భాగహారం ఎన్నో ఇండికేటర్ల కంటే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి రెండు లావు పుస్తకాలు పంపించాడు. ఒకటి జాన్ హల్‌ది, ఇంకొకటి నాటెన్‌బర్గ్‌ది. వీటితోనే మొదలుపెట్టొచ్చా?
– పత్తి వ్యాపారి, ఆదోని

రెండూ గొప్ప పుస్తకాలే, రెండూ మొదటి పుస్తకాలు కావు. హల్ 'ఆప్షన్స్, ఫ్యూచర్స్ అండ్ అదర్ డెరివేటివ్స్' యూనివర్సిటీ పాఠ్యపుస్తకం. మొదటి అధ్యాయాలు హాయిగా సాగి, ఆ తర్వాత గణితం చిక్కబడుతుంది. మీరు పత్తి వ్యాపారులు కాబట్టి అందులో హెడ్జింగ్ గురించిన తొలి అధ్యాయాలు మాత్రం ఇప్పుడే చదవండి. చేతిలో సరుకున్నవాడు ధర పడిపోకుండా ఎలా కాచుకుంటాడన్నది మీకు వెంటనే పట్టుబడుతుంది. నాటెన్‌బర్గ్ 'ఆప్షన్ వోలటాలిటీ అండ్ ప్రైసింగ్' వోలటాలిటీ మీద లోతైనది. కనీసం ఆరు నెలలు ధరలు గమనించాక తెరిస్తే ప్రతి పేజీ అర్థమవుతుంది, ఇప్పుడు తెరిస్తే నిద్ర వస్తుంది.

అమెరికా పుస్తకాలు చదివేటప్పుడు కొన్ని సవరణలు మనసులో ఉంచుకోండి. అక్కడ షేర్ల ఆప్షన్ ఒకటంటే సాధారణంగా వంద షేర్లు, ఇక్కడ లాట్ ఒక్కో షేరుకు ఒక్కోలా ఉంటుంది. అక్కడ షేర్ల ఆప్షన్లు అమెరికన్ పద్ధతివి, అమ్మినవాడికి మధ్యలో ఏ రోజైనా అసైన్‌మెంట్ (మాట ప్రకారం షేర్లు ఇవ్వాలి లేదా తీసుకోవాలన్న పిలుపు) రావచ్చు. డివిడెండ్ ముందు రోజు జాగ్రత్త అని వాళ్లు పేజీలకు పేజీలు రాసేది అందుకే. మన దగ్గర ఆ బెడద లేదు. కవర్డ్ కాల్ (చేతిలో ఉన్న షేర్ల మీద కాల్ అమ్మడం) గురించి వాళ్లు రాసింది చదివి ఇక్కడ చేయబోతే ఇంకో చిక్కు వస్తుంది. మీ డీమ్యాట్‌లో షేర్లున్నాయి కదా అని కాల్ అమ్మేస్తే సరిపోదు, మార్జిన్ చూపించాలి. ఆ షేర్లనే తాకట్టు పెడితే హెయిర్‌కట్ (విలువలో ముందే తగ్గించే కోత) పోను మిగిలిన విలువ మేరకే మార్జిన్ వస్తుంది. పైగా మన లాట్లు పెద్దవి. 2024 అక్టోబరులో సెబీ కొత్త ఇండెక్స్ కాంట్రాక్టుల కనీస విలువను 15 లక్షలకు పెంచింది. కాబట్టి అక్కడి పుస్తకంలో 'చిన్నగా ఒక కాంట్రాక్ట్' అని రాస్తే ఇక్కడ అది చిన్నది కాదు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మాకు బంగారం అంగడి ఉంది. షేర్ల ఆప్షన్స్ పుస్తకం చదివి ఎంసీఎక్స్ (సరుకుల ఎక్స్ఛేంజ్)లో బంగారం ఆప్షన్లు చేయొచ్చునా? వేరే పుస్తకం కావాలంటే అది యాడ దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

ధర తీరు తెలుసుకోవడానికి అదే పుస్తకం చాలు. ఎక్స్‌పైరీ తీరే వేరు. ఎంసీఎక్స్‌లో బంగారం ఆప్షన్లు 2017 అక్టోబరులో మొదలయ్యాయి. మొదట వచ్చినవి కిలో బంగారం ఫ్యూచర్స్ మీద. అంటే లాభంలో ఉన్న ఆప్షన్‌ని ఆఖరిదాకా ఉంచితే చేతికి బంగారం రాదు, డబ్బూ రాదు, ఫ్యూచర్స్ పొజిషన్ వస్తుంది. దానికి ఫ్యూచర్స్ మార్జిన్ కట్టాలి. షేర్ల పుస్తకంలో ఈ ముక్క ఉండదు. ఎంసీఎక్స్ వెబ్‌సైట్‌లో ప్రతి కాంట్రాక్ట్‌కూ వివరాల పత్రం ఉంటుంది, ఉచితమే. మీరు ఎంచుకున్న కాంట్రాక్ట్ పత్రం ముద్రించి పుస్తకంలో పెట్టుకోండి. ఇంకో పుస్తకం కొనక్కర్లేదు.

అంగట్లో సరుకున్న మీకు పుట్ కొనడం బీమాలా పనిచేస్తుంది. కాల్ కొంటే మాత్రం ఉన్న సరుకు మీద మరో పందెం కాసినట్టే. పుస్తకంలో ముందు పుట్ అధ్యాయం చదవండి.

ప్రశ్న: మా ఊళ్లో ఒక శిక్షణ సంస్థ ఇరవై ఐదు వేలకు కోర్సు, దాంతో పాటు వాళ్లే అచ్చేసిన పుస్తకం ఉచితం, ఏడాది పాటు టెలిగ్రామ్‌లో కాల్స్ (ఏది కొనాలి, ఏది అమ్మాలి అనే సూచనలు) ఇస్తామంటోంది. పుస్తకం చూశాను, రంగుల్లో బాగుంది.
– కడప నుంచి

పుస్తకానికీ టెలిగ్రామ్ కాల్స్‌కీ ముడి పెట్టినచోట పుస్తకం నాణ్యత గురించి ఆలోచించడం అనవసరం. ఏ ఆప్షన్ కొనాలో డబ్బు తీసుకుని చెప్పేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. రీసెర్చ్ అనలిస్ట్ అయితే నంబరు ఐఎన్‌హెచ్ అక్షరాలతో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అయితే ఐఎన్‌ఏ అక్షరాలతో మొదలవుతుంది. నంబరు అడగండి, సెబీ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి. 'మేము కాల్స్ ఇవ్వం, చదువు మాత్రమే చెబుతాం' అంటే, 2025 జనవరి 29 నాటి సెబీ సర్క్యులర్ ప్రకారం చదువు చెప్పేవాళ్లు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడుతూ ఫలానా షేరు గురించి మాట్లాడకూడదు. క్లాసులో లైవ్ చార్ట్ పెట్టి 'ఇక్కడ కొనండి' అంటే అది చదువు చెప్పడం కాదు.

ఆ పుస్తకంలో లాభాల స్క్రీన్‌షాట్లు ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టండి. నష్టపోయిన ట్రేడ్ ఒక్కటైనా మొదటి నుంచి చివరి దాకా లెక్కతో వివరించారా చూడండి. సెబీ 2024 సెప్టెంబరులో ప్రచురించిన అధ్యయనంలో, 2021–22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని తేలింది. ఖర్చులతో కలిపి సగటు నష్టం మనిషికి సుమారు రెండు లక్షలు. నష్టం గురించి ఒక పేజీ కూడా లేని పాఠ్యపుస్తకానికి ఇరవై ఐదు వేలా?

ప్రశ్న: రైల్వే ఉద్యోగిని. పుస్తకం చదివి ఆప్షన్స్ మొదలుపెడదామనుకుంటున్నాను. మాకేమైనా అభ్యంతరాలున్నాయా?
– గుంతకల్లు

ఉన్నాయి. రైల్వే సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి, 1966, పదహారో నియమం ఉద్యోగి షేర్లలో స్పెక్యులేషన్ చేయకూడదంటుంది. తరచూ కొని అమ్మడాన్ని కూడా స్పెక్యులేషన్‌గానే పరిగణిస్తారని అందులోనే ఉంది. వారం వారం ఆప్షన్లు దాని కిందికే వస్తాయి. చదవడానికి, కాగితం మీద సాధన చేయడానికి అడ్డు లేదు. డబ్బు పెట్టేముందు పర్సనల్ బ్రాంచిని రాతపూర్వకంగా అడగండి. ఇంట్లోవాళ్ల పేరున చేద్దామనే ఆలోచన ఉంటే, కుటుంబ సభ్యుల పెట్టుబడుల ప్రస్తావన కూడా అదే నియమంలో ఉందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఒక పుస్తకం పూర్తిగా చదివాను. అర్థమైందనే అనుకుంటున్నాను. ఎంత డబ్బుతో, ఎలా మొదలుపెట్టాలి?
– తాడిపత్రి

మొదట సున్నాతో. ఒక నోట్‌బుక్ తీసుకుని ఆరు గడులు గీయండి: తేదీ, నిఫ్టీ విలువ, ఎక్స్‌పైరీకి మిగిలిన రోజులు, అట్ ద మనీ (ప్రస్తుత నిఫ్టీకి దగ్గరి స్ట్రైక్) కాల్ ధర, పుట్ ధర, ఇంప్లైడ్ వోలటాలిటీ. ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో ఆప్షన్ చైన్ (స్ట్రైక్‌ల వారీ ధరల పట్టిక) ఉచితంగా కనిపిస్తుంది. రోజూ 3.20 ప్రాంతంలో ఈ అంకెలు రాయండి. మొదటి రోజు ఎంచుకున్న స్ట్రైక్‌నే ఎక్స్‌పైరీ దాకా పట్టుకోండి, మధ్యలో మార్చకండి. నెలవారీ ఎక్స్‌పైరీలు రెండు ఇలా రాస్తే, నిఫ్టీ కదలకపోయినా ధర ఎలా కరుగుతుందో, ఆ కరుగుడు ఆఖరి వారంలో ఎంత వేగం అందుకుంటుందో పుస్తకం కంటే బాగా తెలుస్తుంది. ప్రతి సాయంత్రం మరునాటి ధర ఊహించి పక్కన రాయండి. ఊహ తప్పినప్పుడు కారణం నిఫ్టీ కదలికా, కాలమా, వోలటాలిటీయా అని ఒక్క మాటలో రాయడమే అసలు సాధన.

ఆ తర్వాత నిజం డబ్బుతో అయితే ఒక్క లాట్, కొనుగోలు మాత్రమే. ఖాతాలో ఉన్నదంతా కాకుండా ఆ ట్రేడ్‌లో పూర్తిగా పోయినా ఇంట్లో ఎవరినీ అప్పు అడగనక్కర్లేనంత ప్రీమియం. అమ్మడం జోలికి ఇప్పుడే పోవద్దు. ఒక నిఫ్టీ లాట్ అమ్మడానికి మార్జినే రెండు లక్షల చుట్టూ అవుతుంది. తక్కువ ధర ఆప్షన్లు చవక అని 5 రూపాయలవి పది లాట్లు కొనడం కొత్తవాళ్లు చేసే మరో పొరపాటు. అవి చవక కావు, అవి సున్నా అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టే ఆ ధరకు దొరుకుతున్నాయి.

ఖర్చుల లెక్క కూడా ముందే వేయండి. 120కి కొన్న కాల్‌ని 130కి అమ్మితే 65 లాట్‌కు లాభం 650 అనుకుంటాం. ఆర్డరుకు 20 చొప్పున బ్రోకరేజ్ 40, అమ్మిన ప్రీమియం మీద ఎస్‌టీటీ, ఎక్స్ఛేంజ్ చార్జీ, బ్రోకరేజ్, ఎక్స్ఛేంజ్ చార్జీల మీద 18 శాతం జీఎస్‌టీ, స్టాంప్ డ్యూటీ కలిపి 60 నుంచి 70 రూపాయలు పోతాయి. లాభంలో పదో వంతు. ఎస్‌టీటీ 2024 అక్టోబరు 1న 0.0625 శాతం నుంచి 0.1కి, 2026 ఏప్రిల్ 1న 0.15కి పెరిగింది కాబట్టి అంతకుముందు పుస్తకాల్లోని ఖర్చుల పట్టిక ఇప్పుడు చెల్లదు. విడి షేర్లలో దీనికి తోడు కొనేవాడి ధరకీ అమ్మేవాడి ధరకీ మధ్య ఖాళీ ఉంటుంది. దూరపు స్ట్రైక్‌లో 27, 30 అని కనబడితే, మార్కెట్ ఆర్డర్ పెట్టగానే పది శాతం పోయినట్టే. లిమిట్ ఆర్డర్ (ధర మీరే చెప్పి పెట్టే ఆర్డర్) తప్ప వాడకండి.

పన్ను సంగతి చాలా పుస్తకాలు దాటవేస్తాయి. ఆప్షన్ల లాభనష్టాలు స్పెక్యులేషన్ కాని వ్యాపార ఆదాయం కిందికి వస్తాయి. కాబట్టి జీతగాళ్లు వాడే చిన్న ఫారం సరిపోదు, ఐటీఆర్–3 వేయాలి. నష్టం వచ్చినా గడువులోపు రిటర్న్ వేస్తేనే ఆ నష్టాన్ని తర్వాతి ఎనిమిదేళ్ల వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: ఫోన్‌లో ఈ–బుక్ చదివితే సరిపోతుందా, అచ్చు పుస్తకమే కావాలా?
– ఎమ్మిగనూరు

వచనం వరకు ఫోన్ చాలు. లాభనష్టాల బొమ్మలు, గ్రీక్స్ పట్టికలు ఫోన్ తెర మీద ఇరుకైపోయి అంకెలు కలిసిపోతాయి. వర్క్‌బుక్ పీడీఎఫ్ మొత్తం ప్రింట్ తీయించకండి, వందల పేజీలు దండగ. ఆప్షన్ లాభనష్టాల బొమ్మలున్న పేజీలు మాత్రం ఒక్కవైపు ప్రింట్ తీయించుకుంటే, ఖాళీ వైపు మీ అంకెలతో అదే బొమ్మ మళ్లీ గీసుకోవచ్చు.